తప్పు చెప్పి తెరిపించిన నోళ్లు

సూరత్‌లో మా గోడాదరా పేట తెలుగువాళ్లకు అప్పట్లో ఒక గుణం ఉండేది. ఫోన్లో అన్నీ చదివేవాళ్లం, ఒక్క ముక్కా రాసేవాళ్లం కాదు. మా అమ్మాయి మనవాళ్ల కోసం ఒక చర్చావేదిక పెట్టి, అడగండి, చెప్పండి అని బతిమాలేది. ఎవరేం అడిగినా కింద బొటనవేలి బొమ్మలు వచ్చిపడేవి, అంతే. (మగ్గాల షెడ్డులో మోతకు మాట వినబడదు, ఏళ్ల తరబడి చేతి సైగలతోనే పని నడిపినవాళ్లం. అలవాటు ఎక్కడికి పోతుంది?) నేనూ ఆ గుంపులోవాణ్ణే. యాభై దాటాక అమ్మాయి దగ్గర అక్షరాలు దిద్దాను; చదువు లెక్కన అప్పటికి నా వయసు రెండేళ్లు. తప్పు రాస్తే నలుగురూ నవ్వుతారని భయం.

ఒకరోజు ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒక తల్లి అడిగింది: "మా బిడ్డను బడిల ఏయాలె. ఏ కాగితాలు కావాలె? ఎల్లుండే ఆఖరట." సాయంత్రానికి బొటనవేళ్లు బారులు తీరాయి, జవాబు మాత్రం లేదు. ఆమె మళ్లీ రాసింది: "గింతమంది బొటనేళ్లు సూపెడుతున్నరు, నోరున్నోళ్లు ఒక్కరు లేరా?"

"బాపూ, నువ్వన్న రాయి," అంది అమ్మాయి.

"తప్పులు పోతయి బిడ్డా."

"పోనీ. ఇన్నేండ్లు ఏలిముద్రలేసినవ్. అచ్చరాలు నేర్సుకున్నది మల్ల ఏలు పెట్టనీకేనా?"

సూటిగా తగిలింది. గంటసేపు చెమటలు కక్కి రాశాను: "కాగితాలు ఏం అక్కర లేదు. పిల్లను చెయ్యి పట్టుకొని తీస్కపో. సారే అన్ని రాస్కుంటడు." (మా ఊళ్లో అమ్మాయిని అలాగే చేర్పించాను. పుట్టినరోజు కూడా సారే తనకు తోచింది వేశాడు.)

ఇక చూడండి!

"ఏంది కాకా, పాగల్ అయినవా? పుట్టిన సర్టిఫికెట్ లేకుంటే గేటు కాడ్నే ఆపుతరు!"

"ఆధార్ తీస్కపో అక్కా, కిరాయి కాగితం గిట్ల మర్సిపోకు."

"కాకా మాట ఇనకక్కా! ఫారం గుజరాతీల ఉంటది. రేపు పొద్దుగాల మా ఇంటికి రా, నేను నింపిస్త."

నన్ను తిట్టడానికి తెరుచుకున్న నోళ్లు ఆమెకు దారి చూపించాయి. మూడోనాడు ఆమె రాసింది: "చేరింది. కాకా, నీ మాట ఇన్లే, గందుకే."

అందుకే ఇప్పుడు కనిపించిన ప్రతివాడితో రాయమని పోరుతుంటాను. తెలిసింది రాయండి, తప్పయితే దిద్దడానికి మనుషులున్నారు. నా ఆ జవాబు ఇంకా అక్కడే ఉంది. తీసేద్దామా అని అమ్మాయి అడిగితే వద్దన్నాను. అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటాను. అంత తప్పుడు సంగతిని అంత ధీమాగా చెప్పిన ఆ పెద్దమనిషి ఎందుకో భలే ముద్దొస్తాడు.