నేలవేము ఏదో చూపించండి అంకుల్

మా మేనత్త రైల్వే క్వార్టర్ వెనక పెరట్లో నేలవేము పెంచేది. ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళు దాన్ని భుయినీమ్ అంటారు. సదర్ బజార్‌లో చిరాయతా అని అమ్ముతారు. జ్వరానికి కషాయం, పిల్లల కడుపులో పురుగులకు పరగడుపున పసరు, గజ్జికి స్నానం నీళ్ళు, బిడ్డ చేత పాలు మాన్పించాలంటే తల్లి రొమ్ముకు పూత. ఇవన్నీ అత్తకు నోటికి వచ్చు. చదువు మాత్రం రాదు.

మా ఊళ్ళోనే దయాల్‌బంద్‌లో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, తెలుగాయన ఒకరు నెల రోజులపాటు మా ఇంటికి వచ్చి, అత్త చెప్పినదంతా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. కొన్నాళ్ళకు ఆయన వీడియో ఒకటి మా ఫోన్లకు వచ్చింది. అన్నీ అత్త మాటలే, అదే వరసలో. ప్రతి మాటకీ ముందు 'మా అమ్మ చెప్పేది' అని చేర్చాడంతే.

అత్త చివరిదాకా విని, పోనీలే, పదిమందికీ తెలిసింది కదా అంది. ఆ సాయంత్రం మాత్రం పెరట్లోకి వెళ్ళలేదు. నాకు ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

ఆ వీడియోకి గాను తెలుగువాళ్ళ సభలో ఆయనకు శాలువా కప్పుతారని తెలిసింది. మోకాళ్ళ నొప్పులని అత్త రాలేదు. నేను రెండు కొమ్మలు తుంచుకుని వెళ్ళాను. ఒకటి నేలవేము, రెండోది కాయలు లేని మిరప. ఆకులు ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. ఆయన ప్రసంగం ముగించగానే వేదిక దగ్గరికి వెళ్ళి, వీలైనంత వినయంగా అడిగాను.

"అంకుల్, వీటిలో నేలవేము ఏదో చూపిస్తారా?"

ఆయన మిరప కొమ్మ అందుకున్నాడు. అంతటితో ఆగకుండా రెండాకులు నమిలి, ప్రాణం పోయేంత చేదని మైకులో చెప్పాడు.

ఆ కొమ్మను తీసుకెళ్ళి ముందు వరసలో ఆడవాళ్ళకు ఇచ్చాను. ఒక పెద్దావిడ ఆకు నలిపి చూసి, వేదిక మీది ఆయన వైపు తిరిగింది.

"ఇదేటి బాబూ, మిరపాకు కదా?"

నవ్వులు వెనక కుర్చీల దాకా పాకాయి. ఆయన శాలువా తీసి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించింది.

పెద్దమనిషిని అలా చేస్తారా అని అత్త తిట్టింది. తిడుతూనే, ఆకు నమిలినప్పుడు మొహం ఎలా పెట్టాడో ఇంకోసారి చెప్పమంది.

వానాకాలంలో ఆయన జ్వరంతో మా గుమ్మం ముందుకు వచ్చాడు. అత్త పెరట్లో నేలవేము కోసుకొచ్చి కషాయం కాచింది.

"కూసింత బెల్లం ఏసి ఇయ్యమ్మా, పాపం," అంటూ గ్లాసు నాకిచ్చింది.

నేను వెయ్యలేదు. ఆఖరి గుక్క దిగేదాకా ఆయన ఎదురుగానే నిలబడ్డాను.