గుటక మింగి ఆపు

సెలూన్‌లో గడ్డానికి అరవై అడిగితే దోపిడీ అన్నాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఐదొందలు చెప్పిన మడత కత్తిని రెండొందలకు దింపి కొన్నాను. మొజంజాహీ మార్కెట్ పండ్ల కొట్లలో పెరిగినవాణ్ని; నాతో బేరమా!

ఆ కత్తిని నాంపల్లి స్టేషన్‌లో, రైలుకు ఇంకా టైముందని, ప్లాట్‌ఫారం మీద కుళాయి పక్కనున్న అద్దం ముందు తెరిచాను. చెంపల మీద నున్నగానే నడిచింది. గొంతు బుడిపె దగ్గర రెండుచోట్ల తెగి, రక్తం కాలరు మీదికి జారింది.

పక్క బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ ఇక చూడలేకపోయింది.

"ఏందన్నా, గట్ల ఎదురు గీస్తె తెగదా? గుటక మింగి ఆపు, బుడిపె పైకి పోతది. తోలు చెవి దిక్కు గుంజి, వెంట్రుకలు ఎటుంటె అటే గియ్యి."

చెబుతూ తన గడ్డమే పైకెత్తి, రెండు వేళ్లతో తన మెడ చర్మాన్నే లాగి చూపించింది. అలాగే చేశాను. కత్తి సాఫీగా దిగింది.

"సెలూన్ గిట్ల ఉందా అమ్మా? ఫీజేమన్న అడుగుతవా?" అని నవ్వాను.

"మా ఆయన మంచాన పడ్డంక రోజూ నేనే గీసేది. జర తెగితె చాలు, బూతులు తిట్టెటోడు." నా మెడ వంక చూసింది. "ఒకరోజు పొద్దుగాల నిద్రల ఉన్నడనుకొని గీసిన. తెగింది. తిట్టలే. రక్తం గూడ రాలే."

నా నవ్వు ఇంకా మొహం మీదే ఉండగా ఆమె రైలు వచ్చింది. లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా మెడ తెగడం తక్కువే. తెగినప్పుడు మాత్రం రక్తం కనిపించేదాకా అద్దం ముందు నుంచి కదలను.

లెక్కంటారా? కత్తికి రెండొందలు, పాడైన చొక్కాకు నాలుగొందలు. అరవై మిగుల్చుకోబోయి ఆరొందలు వదిలించుకున్నాను. ఆవిడకు మాత్రం ఒక మంచి మాట కూడా ఖర్చు పెట్టలేదు.