సాలిటేర్ అర్థం చెప్పిన రోజు

2019 జూన్ పదో తేదీ, సోమవారం, ఉదయం ఆరున్నర గంటలకు మా నాయన నా భుజం మీదుగా ల్యాప్‌టాప్ తెరలోకి తొంగి చూశాడు. ముందు రోజు సాయంత్రం తొలకరి వాన బాగా కురిసింది. అమ్మ వసారాలో కూర్చుని వేరుశనగ విత్తనాలు ఏరుతోంది. మా ఊళ్లో విత్తే గొర్రు ఉన్న ట్రాక్టరు ఒక్కటే కాబట్టి అందరూ దాన్ని వంతులవారీగా వాడుకుంటారు. మా వంతు మంగళవారం తెల్లవారుజామున. అది తప్పితే మళ్ళీ వంతు వచ్చేలోగా నేలలో పదును ఆరిపోతుంది.

"ఎవురితో ఆడతాండావు పాపా?"

"ఒక్కదాన్నే నాయనా. దీన్ని సాలిటేర్ అంటారు."

"పేకాట ఒక్కరే ఆడేదా? మరి మోసం ఎవురిని చేసేది?"

మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. ఆ కారణంగా, మందు సీసా మీది అక్షరాలు మొదలుకొని ఇంట్లో ప్రతి సందేహమూ నా దగ్గరికే వచ్చేది. సగం జవాబు ఇచ్చే అలవాటు నాకు లేదు. నిఘంటువు తెరిచాను. లాటిన్‌లో 'ఒంటరి' అనే అర్థమున్న మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందనీ, ఒకప్పుడు ఏకాంతంగా బతికే సన్యాసిని అలా పిలిచేవారనీ, గుంటల పలక మీద గోళీలతో ఒక్కరే ఆడే ఆటకూ అదే పేరనీ వివరించాను. నాయన ఆవులించాడు. ఉంగరంలో ఒంటిగా పొదిగిన వజ్రాన్ని కూడా సాలిటేర్ అంటారని చెప్పగానే ఆ ఆవులింత సగంలో ఆగింది.

"అంటే ఒక్క రాయి దొరికినా సాలన్నమాట!"

అరగంటలో సద్దిమూట కట్టుకొని వజ్రకరూరు బస్సెక్కాడు. తొలివాన పడగానే ఆ చుట్టుపక్కల పొలాల్లో వజ్రాలు వెతకడం మా ప్రాంతంలో ఉన్నదే. కొందరు నాలుగైదు రోజులు అక్కడే ఉండిపోతారు.

అమ్మ రొట్టెల బుట్ట మూత తీసి చూసింది. "రెండు దినాల రొట్టెలు ఎత్తుకపోయినాడు మీ నాయన! తొలి పిడికెడు ఇత్తనాలు తన సేత్తోనే ఎయ్యల్ల అంటాడు, తానే ల్యాకపాయ. అర్థం సెప్పినది నువ్వు కదా, నువ్వే పిల్సుకోని రా పో."

బస్సులో ఫోను తెరిచి, ఆ మాటకు మిగిలిన అర్థాలు కూడా చదివాను. పొద్దున పూర్తిగా చెప్పలేకపోయానన్న బాధ ఒకటి నాకు మిగిలే ఉంది.

అక్కడ వందల మంది ఉన్నారు కానీ గుంపు లేదు. ఒకరి నీడ మరొకరి మీద పడనంత దూరంలో, తలలు వంచుకొని, మాట లేకుండా నడుస్తున్నారు. తలకు చుట్టుకున్న పచ్చ తువ్వాలును బట్టి నాయనను గుర్తుపట్టాను.

"దూరం పో పాపా, నీ నీడ పడతాంది."

"పదును పోతాంది నాయనా. రేపు మన వంతు."

"ఒక్క రాయి సాలని నువ్వే కదా సెప్పినావు?"

ఒక అర్థం మిగిలిపోయిందన్నాను. హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవిలో ఎగరలేని పక్షి ఉండేది. ఒంటరిగా తిరిగేది కాబట్టి దానికీ సాలిటేర్ అనే పేరు పెట్టారు. దాని కందనకాయలో కోడిగుడ్డంత రాయి ఒక్కటి ఉండేదట. ఇప్పుడు ఆ జాతే లేదు.

నాయన నడుము ఎత్తాడు. "దానికి రాయి దేనికంట?"

"తిన్న గింజలు నూరుకునేదానికి."

"గింజలు ల్యాకపోతే రాయి పెట్టుకోని ఏం జేస్తాది?" అంటూ తువ్వాలు విప్పి దులిపాడు.

కొంచెం అవతల వెతుకుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే, "పోప్పా, పో. నువ్వు పోతే ఆ జాగా నాకొస్తాది" అన్నాడు.

ఆ మాట వినగానే నాయన మళ్ళీ వంగబోయాడు. నేను చెయ్యి పట్టుకొని బస్సు దాకా వదల్లేదు.

మంగళవారం తెల్లవారుజామున నాయన తొలి పిడికెడు వేశాడు, గొర్రు కదిలింది. ఆ ఏడాది నుంచి ఆయన విత్తనం పడిన తర్వాతే వజ్రాలకు వెళ్తున్నాడు.