దొరగారి సైకిల్‌కు ఎర్ర ట్యాగు

2005 వేసవిలో బహ్రెయిన్‌లోని అస్కర్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీ యార్డులో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. సేఫ్టీ ఆఫీసరంటే ప్రమాదం జరగకముందు ఎవరికీ అక్కర్లేనివాడు, జరిగాక అందరికీ దొరికేవాడు.

మా ప్రాజెక్టు మేనేజరు హాలెండ్ దొర. వాళ్ల దేశంలో మంత్రులు కూడా సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తారట. అందుకని, పర్యావరణం పేరు చెప్పి యార్డు లోపల కార్లు వద్దని, ఆఫీసర్లందరికీ తలా ఒక సైకిల్ ఇప్పించాడు. కాలేజీ వదిలాక నేను సైకిల్ ముట్టుకున్న పాపాన పోలేదు. శుక్రవారం సెలవునాడు, మేముండే గుదైబియా పేటలో మా సందులోనే సాధన మొదలుపెట్టాను. అక్కడ సైకిల్ తొక్కేవాడంటే లాండ్రీవాడే. పై అంతస్తు నుంచి ఒకాయన బట్టల మూట చూపించి, ఇస్త్రీ చేసి సాయంత్రానికల్లా తెమ్మన్నాడు. మనవాళ్లు చూస్తే మీ ఉద్యోగం ఊడిందనుకుంటారని మా ఆవిడ తలుపేసుకుంది. ఆ మర్నాటి నుంచి ఆఫీసర్లకే ఇచ్చే తెల్ల హెల్మెట్ పెట్టుకుని, మెళ్లో కంపెనీ కార్డు వేలాడేసుకుని మరీ తొక్కాను. పరువు దక్కింది గానీ పిక్కలు పట్టేశాయి.

సైకిల్ నిజంగా కావలసినవాళ్లు వేరే ఉన్నారు. కూలీలుండే క్యాంపుకు వెళ్లే బస్సు డ్యూటీ దిగగానే వెళ్లిపోయేది. ఓవర్‌టైం చేసే కూలీలు తమ పాత సైకిళ్ల మీద క్యాంపు చేరేవారు. క్లయింటు తనిఖీకి వస్తున్నాడనగానే ఆ తుప్పు సైకిళ్లు దొరగారి కంట్లో పడ్డాయి. ఆయన మెచ్చుకునే సైకిల్ సంస్కృతిలో అవి చేరవు కాబోలు. బ్రేకు, బెల్లు, లైటు లేని ప్రతి సైకిల్‌కూ గేటు దగ్గరే ఎర్ర ట్యాగు కట్టమని ఆదేశం ఇచ్చాడు. ఎర్ర ట్యాగు కట్టిన వస్తువును, లోపం సరిచేసి సేఫ్టీ ఆఫీసరు ట్యాగు తీసేదాకా ఎవరూ వాడకూడదు.

ఆ సాయంత్రం జగిత్యాల నుంచి వచ్చిన సాయన్న అనే వెల్డరు నా దగ్గరికొచ్చాడు. వాళ్ల వైపు గల్ఫులో ఏ దేశమైనా దుబాయే.

"సారూ, సైకిల్ బంద్ జేస్తే ఓవర్‌టైం బందే. ఒట్టి జీతానికైతే ఈ దుబాయి దాకా ఎందుకొస్త?"

నాకు దొర మీద ఒళ్లు మండింది. ఆదేశాన్ని మళ్లీ చదువుకున్నాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడ్డాను. కూలీల సైకిళ్లు వరసగా ఆగాయి. ఇంతలో దొరగారు తన ఖరీదైన రేసు సైకిల్ మీద దిగారు. దానికి బెల్లూ లేదు, లైటూ లేదు. అందరూ చూస్తుండగా ఎర్ర ట్యాగు కట్టాను. ఇదేం పరిహాసమని అడిగాడు.

"ఆదేశం మీదే సార్. అందులో హోదా ప్రస్తావన లేదు" అన్నాను.

ఆయన సైకిల్ అక్కడే వదిలేసి, ఎండలో ఆఫీసుదాకా నడిచి వెళ్లాడు. సాయన్న నవ్వు కనబడకుండా పక్కకు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికల్లా, దొరగారే చెప్పారట, స్టోర్సు వాళ్లు కంపెనీ ఖర్చుతో బెల్లులు, లైట్లు, బ్రేకు రబ్బర్లు తెచ్చారు. కూలీల సైకిళ్లన్నీ బాగుపడ్డాయి, ఓవర్‌టైం ఆగలేదు. దొరగారు మాత్రం ఆ మర్నాడు ఏసీ కారులో యార్డు లోపలికే వచ్చారు. అది చూసి ఆఫీసర్లంతా కార్లెక్కారు. పర్యావరణం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు నా కాంట్రాక్టు పొడిగించలేదు, నా పోస్టు అనవసరమని తేలిందట.

నేను నేర్చుకున్నది ఇంతే. సేఫ్టీ నియమాన్ని ముందుగా పైవాడి మీదే పరీక్షించాలి. పరీక్షించే ముందు వేరే ఉద్యోగం చూసిపెట్టుకోవాలి.