గోడకెక్కిన చుట్టాలు

మా మామయ్యకి ఏ బొమ్మ చూసినా చుట్టాలే కనిపిస్తారు. అందరూ బొమ్మల్లో రంగులు చూస్తారు, గీతలు చూస్తారు, ఏమీ అర్థంకానివాళ్ళు కనీసం కింద రాసిన పేరైనా చూస్తారు. మామయ్య నేరుగా ముఖంలోకి చూసి, "అరె, నువ్వా!" అంటాడు.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వారమంతా ఇతరుల కళ్ళకి అద్దాలు బిగించి, ఆదివారం తన కళ్ళకి పని చెబుతాడు. బస్సు ఆఖరి స్టాపులో దిగితే సముద్రం ఒడ్డున ఒక చిన్న పేట ఉంది. ఒకప్పుడు ఓడల సరుకు దాచిన గోదాములు ఇప్పుడు గ్యాలరీలయ్యాయి. పన్నులు వసూలు చేసిన పాత కచేరీ మ్యూజియం అయింది. మిగిలిన ఇళ్ళ గోడల మీద ఎవరెవరో వచ్చి బొమ్మలు వేస్తారు, ఉప్పుగాలికి అవి వెలిసిపోతాయి, మళ్ళీ వేస్తారు. మామయ్య వెంట నేను వెళ్తాను. అత్తయ్య రాదు. "ఇంటికొచ్చే చుట్టాలకి కాఫీలు కలపలేక చస్తున్నాను, గోడల మీద వాళ్ళని కూడా వెళ్ళి పలకరించాలా?" అంటుంది.

మ్యూజియంలో మెట్ల కింద ఒక చీకటి మూల ఉంది. అక్కడ ఒక పాత తైలచిత్రం. గుబురు మీసాలు, మెడదాకా గుండీలు, లోకమంతా తన దగ్గరికి ఆలస్యంగా వచ్చిందన్నట్టు చూసే కళ్ళు. కింద 'పన్నుల అధికారి' అని చిన్న చీటీ.

"బాబాయ్!" అని మామయ్య అరిచిన అరుపుకి పై అంతస్తులో ఎవరిదో గొడుగు జారి కిందపడ్డ చప్పుడైంది.

కాపలా ఆయన పరుగున వచ్చాడు. "సార్, మెల్లగా. ఇది మ్యూజియం."

"మా బాబాయిని ఇక్కడ పెట్టినప్పుడు మాకో మాట చెప్పొద్దా?"

"ఈయన పోయి వందేళ్ళు దాటింది సార్."

"అదీ సంగతి. ఇంతకాలం ఒక్క ఉత్తరం ముక్క లేకపోతే ఏమైపోయాడా అనుకుంటున్నాం."

కాపలా ఆయన సాయం కోసం నావైపు చూశాడు. ఇలాంటి సమయాల్లో నేను చీటీ చదువుతూ ఉంటాను. ఎంత చిన్న చీటీనైనా చాలాసేపు చదవగలను.

"మా పిన్ని ఈయనతో ఎలా వేగిందో పాపం," అని మామయ్య మొదలుపెట్టాడు. "కాఫీ కాస్త చల్లారితే చాలు, ఒక్క మాట అనడు. కప్పు అలాగే పెట్టేసి లేచి వెళ్ళిపోతాడు. ఆవిడ వెనకాలే కప్పు పట్టుకుని వీధి చివరిదాకా!"

గొడుగు పడేసుకున్నావిడ, ఇంకా నలుగురూ మెట్లు దిగి వచ్చి చుట్టూ చేరారు. "నిజమే, అలాంటి మనిషిలాగే ఉన్నాడు," అంది ఆవిడ. కాపలా ఆయన కూడా తలెత్తి చూశాడు. ఎన్నాళ్ళుగా ఆ బొమ్మ ముందు నుంచి తిరుగుతున్నాడో గానీ, చూడటం మాత్రం అదే మొదటిసారనిపించింది.

గ్యాలరీల్లో మనుషులు లేని బొమ్మలు కూడా ఉంటాయి కాబట్టి అక్కడైనా ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. ఒక లోపలి గదిలో పెద్ద కాన్వాసు మీద రెండు బూడిదరంగు గీతలు, మూలన పసుప్పచ్చని చుక్క. గ్యాలరీ నడిపే ఆవిడ ఎవరూ అడక్కుండానే, "ఇది శూన్యానికీ ఉనికికీ మధ్య జరుగుతున్న సంభాషణ," అని చెప్పింది.

మామయ్య తల ఒక పక్కకి వాల్చాడు. "కాదమ్మా. ఇది మా వదిన. గోడవైపు తిరిగి పడుకుంది. అలిగింది."

"మరి ఆ చుక్క?"

"దీపం. ఇంకా ఆర్పలేదు. అన్నయ్య వచ్చి బతిమాలతాడని చూస్తోంది."

తర్వాతి ఆదివారం మేం వెళ్ళేసరికి ఆవిడే ఎవరితోనో, "ఈ గీతలో ఒక అలక ఉంది, గమనించండి," అని చెబుతోంది.

ఇంకోచోట తల విరిగిపోయిన రాతి విగ్రహం ముందు ఆగాడు. "ఇదిగో, మా తోడల్లుడు."

"తలకాయ లేదు కదా మామయ్యా?"

"వాడికి ఎప్పుడుందే?"

ఇవన్నీ ఇంటికొచ్చి చెబితే అమ్మ నెత్తి కొట్టుకునేది. "ఒరేయ్, నాన్నకి తమ్ముళ్ళే లేరు, బాబాయెక్కడి నుంచి ఊడిపడ్డాడు? నీకు అన్నయ్యే లేడు, వదినెవర్తిరా?" మామయ్య తొణికేవాడు కాదు. "రాకపోకలు లేకపోతే ఇలాగే మరిచిపోతారక్కా," అనేవాడు.

ఈమధ్య ఒక ఆదివారం ఈ చుట్టరికం కాస్తా మెడకి చుట్టుకుంది.

గోడ బొమ్మల విషయంలో ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ళు గోడ ఇస్తారు. బొమ్మ పూర్తయ్యాక నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే అదే రోజు తెల్లరంగు పూసేస్తారు. మొదటి గోడే తెల్లబడిన వాళ్ళకి రెండో గోడ ఎవరూ ఇవ్వరు. ఆ రోజు తాళాలు బాగుచేసే ఆయన షాపు పక్క గోడ ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. మోచేతుల దాకా రంగులు. అది ఆమె మొదటి గోడ.

బొమ్మలో ఒక ముసలావిడ కిటికీలోంచి వీధిలోకి వంగి చూస్తోంది. చేతులు చక్కగా కుదిరాయి. శాలువా మడతలు తాకి చూడాలనిపించేలా ఉన్నాయి. కానీ సరిగ్గా ముఖం మధ్యలో గోడ ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు మీద వేసిన ముక్కు ముఖాన్ని వదిలిపెట్టి సొంతంగా ఎటో బయల్దేరినట్టుంది.

తాళాల ఆయన తెల్లరంగు డబ్బాలో బ్రష్ ముంచాడు. "తప్పుపట్టట్లేదమ్మా. కానీ రోజూ ఇక్కడ కూర్చునేది నేను. వచ్చినవాళ్ళు ఆ ముక్కు చూసి నవ్వుకుంటూ, తాళం ఇవ్వడం మరిచిపోయి వెళ్ళిపోతున్నారు."

"ముక్కొక్కటి సరిచేస్తానండీ."

"పొద్దుటి నుంచీ సరిచేస్తూనే ఉన్నావుగా. చేసినప్పుడల్లా పెరుగుతోంది."

అమ్మాయి నిచ్చెన మడవడం మొదలుపెట్టింది.

"అక్కా!" అని వీధి మధ్యలోంచి కేక వినబడింది. నేను చదవడానికి చీటీ కోసం వెతికాను. గోడలకి చీటీలుండవు.

"ఎవరండీ మీరు?" అన్నాడు తాళాల ఆయన.

"మా అక్కండీ! ఏమ్మా, మా అక్కని నువ్వెక్కడ చూశావు?" అమ్మాయి నోరు తెరిచేలోగా మామయ్య గోడ దగ్గరికి వచ్చేశాడు. "అబ్బ, ముక్కు దింపేసింది చూడండి. అక్క కిటికీలోంచి తొంగిచూస్తే ముందు ముక్కు వచ్చేది. కాసేపటికి అక్క వచ్చేది."

"ఉన్నారా ఆవిడ?"

"ఉండకేం, లక్షణంగా ఉంది."

"కోపిష్టి మనిషా?"

"ఛ, ఛ. ముఖం మీద రంగు పూశారని తెలిసినా ఒక్క మాట అనదు. ఊరికే వచ్చి, ఎదురుగా నిలబడి చూస్తుందంతే."

తాళాల ఆయన గోడవైపు చూశాడు. గోడమీద ఆవిడ అప్పటికే ఆయన్ని అలా చూస్తోంది. బ్రష్ నుంచి రంగు ఆయన చెప్పు మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

"ఒకరి తోబుట్టువు ముఖం మీద రంగెలా పూస్తాం!" అని బ్రష్ కింద పెట్టాడు. కానీ తాళాలు చేసే మనిషి, దేన్నీ లాగి చూడకుండా వదలడు. "వచ్చే ఆదివారం ఆవిడని తీసుకురండి. నా ఎదురుగా ఒకసారి ఆ బొమ్మ చూసుకోనివ్వండి. ఆ తర్వాత ఆలోచిద్దాం."

తిరుగు బస్సులో అడిగాను. "మామయ్యా, నీకున్నది ఒక్కతే అక్క. అది మా అమ్మ. మా అమ్మకి ముక్కెక్కడుంది?"

"కొంచెం చిన్నదే," అని ఒప్పుకున్నాడు.

ఎలాగూ మొదలుపెట్టాను కదా అని ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నది కూడా అడిగేశాను. మ్యూజియం పెద్ద హాల్లో, పడవ దిగుతున్న రాణి బొమ్మ ఒకటుంది. జనం తోసుకుంటూ చూస్తారు. దాని ముందు మామయ్య ఎన్నడూ ఎవరినీ గుర్తుపట్టలేదు. "మన చుట్టాలంతా మెట్ల కిందా, లోపలి గదుల్లోనే ఎందుకుంటారు?"

మామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ రాణిగారికి చుట్టాలు కావలసినంతమంది. మనం పలకరించకపోయినా ఏమీ అనుకోదు," అని, "టికెట్లు నీ దగ్గరున్నాయా, నా దగ్గరున్నాయా?" అన్నాడు.

అమ్మని ఒప్పించడం వారమంతా సాగింది. ఆ అమ్మాయి గోడ పోతుందన్నాం, ఇంకో గోడ రాదన్నాం. చివరికి అమ్మ, "వస్తాను. వచ్చి ఆ బొమ్మ నేను కాదని చెప్పేసి వస్తాను. వీడి అబద్ధాలకి నేను ముక్కు అతికించుకోలేను," అంది. మామయ్య దారంతా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

షాపు ముందు తాళాల ఆయన చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆ అమ్మాయి ఒక పక్కన గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటోంది, తలెత్తట్లేదు. తాళాల ఆయన బొమ్మ ముక్కు చూశాడు. తర్వాత అమ్మ ముక్కు కోసం వెతికాడు. దొరికాక మామయ్యవైపు తిరిగాడు.

"ఈవిడేనా అండీ?"

"నేనెందుకవుతాను?" అంది అమ్మ.

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి శాలువా మడతల్ని దగ్గరగా చూసింది. ఆ అమ్మాయి గోళ్ళని చూసింది.

"ఈవిడ మా మేనత్త," అంది. "వీడు చిన్నప్పటి నుంచీ ఆవిడనే అక్కా అని పిలిచేవాడు. నన్ను ఎన్నడైనా పిలిస్తేగా! ఆ ముక్కు నాకు రాలేదు, నాది మా అమ్మవైపు ముక్కు. మీరు రోజూ షాపు తీసేటప్పుడు ఓ మాట పలకరించండి, ఆవిడకి పట్టింపులెక్కువ."

మామయ్య ఒక కన్ను తెరిచాడు.

ఆ అమ్మాయి బ్రష్ అందుకుంది. "ఆవిడ పేరేంటండీ? కిటికీ పైన రాస్తాను."

అమ్మా మామయ్యా ఒకేసారి రెండు వేర్వేరు పేర్లు చెప్పారు.

తాళాల ఆయన ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి, జారకుండా కాలు అడ్డం పెట్టాడు.

"రెండూ రాసెయ్యమ్మా," అన్నాడు. "ఒకటి ఇంట్లో పిలిచే పేరై ఉంటుంది."