నేస్తం పెట్టిన అంబలి

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి లోపలికి వెళ్ళిపోయే రకం నేను. అరకులో మాకు కిరాణా కొట్టు ఉంది. దిష్టి తీయడానికి నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, పటిక మా దగ్గరే కొంటారు. అవన్నీ అమ్మడమే గానీ ఏనాడూ నమ్మింది లేదు. కొట్టు మీద కూర్చునేదాన్ని, కంటికి కనబడిందీ తూకానికి వచ్చిందీ తప్ప ఇంకోటి నాకు పట్టదు.

ఇప్పుడు రాసేది మా అమ్మ గురించి. చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నేను మాత్రం నవ్వలేకపోతున్నాను.

అమ్మకి నేనొక్కర్తినే. నాన్న పోయాక మాతోనే ఉండేది. కిందటి వానాకాలం పెరట్లో నాచు మీద కాలు జారి తుంటి విరిగింది. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. ఆ వానలన్నీ ఆసుపత్రి మంచం మీదే గడిచాయి. ఎముక అతికింది గానీ కాలు నేల మీద మోపడం మళ్ళీ రాలేదు. మనసు కూడా చెదిరింది. నన్ను చూసి ఒకసారి "పాపా" అనేది, ఇంకోసారి "ఎవరమ్మా నువ్వు" అనేది.

ఆమెను ఎత్తి కూర్చోబెట్టడానికే ఇద్దరు కావాలి. మా ఆయనా నేనూ కొట్టు కట్టేసి కూర్చోలేం. అప్పుడే ఊరి చివర ఒక హోమ్ తెరిచారు. అంతకుముందు అది టూరిస్టుల కోసం కట్టిన రిసార్టు. నడవక మూసేశారు. ఆ కాటేజీలకే కొత్త రంగులేసి, మంచాలు వేసి, వృద్ధులకు చల్లగాలి, ప్రశాంతత అని బోర్డు పెట్టారు. విశాఖ నుంచి కూడా పెద్దవాళ్ళని తెచ్చి దింపేవారు. మాకైతే నడిచి వెళ్ళేంత దూరం. అక్కడ చేర్చాం.

అక్కడ ఒక్కటే షరతు. ఫోన్ చేసి రావాలి. ముసలివాళ్ళకి విశ్రాంతి పాడవకూడదని మేనేజరు చెప్పాడు. నేను వెళ్ళినప్పుడల్లా అందరూ స్వెట్టర్లు తొడుక్కుని వరండాలో వరసగా కూర్చుని ఉండేవారు. వాళ్ళెవరూ ఎక్కువగా మాట్లాడకపోవడం చూసి, ప్రశాంతత అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

చేర్చిన కొన్నాళ్ళకి పెసరట్లు పోసి తీసుకెళ్ళాను. అమ్మకి అవంటే ప్రాణం. ముక్క తుంచి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది.

"ఆకల్లేదే. నేస్తం ఒచ్చి అంబలి పట్టేసినాది," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో చెప్పాలి.

మా వైపు నేస్తం కట్టడమని ఒక ఆచారం ఉంది. మనసు కలిసిన ఇద్దరు ఆడవాళ్ళు అమ్మవారి ముందు చీరలూ పళ్ళూ మార్చుకుని నేస్తం కట్టుకుంటారు. అప్పట్నుంచి అక్కచెల్లెళ్ళ కన్నా ఎక్కువ. ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. ఇంకొకరి దగ్గర కూడా ఆ పేరు ఎత్తరు. అమ్మ పెళ్ళై ఈ కొండల మీదికి వచ్చిన కొత్తల్లో, సంతకి చిక్కుళ్ళు తెచ్చే ఒక గిరిజనావిడతో నేస్తం కట్టింది. అమ్మ నోట ఆవిడ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

శుక్రవారం సంత రోజు వచ్చిందంటే అమ్మ మా మనిషి కాదు. కొట్టు నాన్న మీద వదిలేసి పెరట్లో ఆవిడతో కూర్చునేది. యాలకులు వేసి కాచిన పాలు ముందు ఆవిడకి, మిగిలితే నాకు. కొత్త పంట ఏదైనా ఆవిడ తెచ్చి చేతిలో పెడితేనే అమ్మ నోట పెట్టుకునేది. నేను జ్వరంతో పడుకున్న రోజున కూడా పెరట్లోంచి వాళ్ళ నవ్వులు వినబడ్డాయి. ఏం చెప్పుకుని అంత నవ్వుకునేవాళ్ళో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆవిడంటే నాకు కడుపుమంట. నాకు ఇప్పుడు యాభై దాటాయి, అయినా అది చల్లారలేదు. దాచుకోవడం దేనికి?

కొట్టు నా చేతికి వచ్చాక కూడా ఆవిడ పెరటి దారినే వచ్చి వెళ్ళేది. అమ్మ ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచి కనబడలేదు. పీడా పోయిందనుకుని నేనూ అడగలేదు. ఇప్పుడు చూస్తే, నాకు తెలియకుండా తిన్నగా హోముకే వెళ్తోందన్నమాట.

అమ్మ మతిలేని మాట అనుకుందామంటే గుర్తులు కనబడుతున్నాయి. అమ్మ నోటి దగ్గర చోడి అంబలి, అదే రాగి అంబలి, పులుపు వాసన. పాదాలకి కొండ మీద పండే వలిసెల నూనె రాసి ఉంది. ఆ వాసన ఈ కొండల మీద పుట్టినవాళ్ళెవరైనా పట్టేస్తారు. అన్నిటికన్నా జుట్టు. అమ్మ జన్మంతా వెనక ముడే వేసుకుంది. ఇప్పుడు కొండ మీది గిరిజన ఆడవాళ్ళు వేసుకున్నట్టు కుడివైపు పక్కకి కొప్పు, నున్నగా దువ్వి, బిగించి ఉంది. నేను అది విప్పి మామూలు ముడి వేసి వచ్చేదాన్ని. మళ్ళీ వెళ్ళేసరికి పక్క కొప్పే ఉండేది.

మేనేజర్ని అడిగాను. బయటివాళ్ళు లోపలికి అడుగు పెట్టే వీల్లేదనీ, గేటుకి ఎప్పుడూ తాళమేననీ అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఆవిడ చేతిలో గిన్నె ఉండగా పట్టుకుని, మా అమ్మకి పెట్టుకోవడానికి నేనున్నాను, నువ్వు రావద్దు అని మొహం మీదే చెప్పెయ్యాలనిపించింది. అందుకే ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చెయ్యకుండా వెళ్ళాను.

గేటు దగ్గర ఎవరూ లేరు. ఆ రోజు తాళం వెయ్యడం మరిచారు కాబోలు, గొళ్ళెం తీసి వెళ్తే వరండా ఖాళీగా ఉంది. పొద్దెక్కినా మంచు విడవని రోజులవి. స్వెట్టర్లన్నీ ఆఫీసు గదిలో బల్ల మీద మడతపెట్టి ఉన్నాయి. కాటేజీల తలుపులకి బయట గడియలు పెట్టి ఉన్నాయి.

అమ్మ ఉండే కాటేజీ గడియ తీసి లోపలికి వెళ్ళగానే కంపుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఒక పెద్దాయన్ని పాత చీరతో కుర్చీకి కట్టేశారు. తడిసిన లుంగీ ఒంటి మీదే ఆరిపోయి ఉంది. అమ్మ పక్క మంచం ఆవిడ పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. నన్ను చూసి చెయ్యెత్తి నీళ్ళని సైగ చేసింది. నీళ్ళ బిందె గది మూల, ఎవరికీ అందనంత దూరంలో ఉంది. గ్లాసుతో ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఒత్తిగిలి పడుకోబెట్టేవాళ్ళు లేక ఆవిడ వీపు పుండుపడి ఉంది.

అదే గదిలో మా అమ్మ శుభ్రంగా ఉంది. చీర పొడిగా ఉంది. పాదాలు పట్టుకుని చూస్తే నూనె జిడ్డుతో వెచ్చగా ఉన్నాయి. ఒంటి మీద ఒక్క పుండు లేదు. పక్క కొప్పు నిగనిగలాడుతోంది.

అలికిడికి ఆయా పరుగెత్తుకొచ్చింది. నేను అరిచేసరికి ఏడుపు మొదలుపెట్టింది.

"నానేటి సేసేదమ్మా. నీళ్ళు తాగితే పక్కలు తడిపేత్తారని సారు పొయ్యొద్దంతారు. అందరికీ కలిపి నానొక్కర్తినే."

మా అమ్మకి ఎవరు పెడుతున్నారని అడిగాను.

"నాకు తెల్దమ్మా. మీయమ్మ మా కూడు ముట్టనే ముట్టదు. ఒచ్చిన కాణ్ణించీ అంతే. ఏటి తిని బతుకుతన్నాదో అని మేవే బయపడతన్నాం. సారుతో సెప్తే నోరు మూసుకోమన్నారు."

నాకు ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. ఆయా కళ్ళు కప్పి అమ్మ నేస్తం వచ్చి వెళ్తోందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ గదిలో అంత ఘోరం చూసి కూడా, మా అమ్మని చూసుకుంది నేను కాదు ఆవిడ అన్నదే ముందు గుచ్చుకుంది.

మా ఆయన్ని పిలిపించి అప్పుడే అమ్మని ఇంటికి తెచ్చేశాం. ఆయాని బతిమాలి మిగతావాళ్ళ ఇళ్ళ ఫోన్ నంబర్లు తీసుకుని అందరికీ చేశాను. కొందరు పరుగెత్తుకొచ్చారు, కొందరు తర్వాత చూస్తామన్నారు. పక్క మంచం ఆవిడని వాళ్ళ కోడలు వచ్చి తీసుకెళ్ళింది. ఫిర్యాదు ఇస్తే అధికారులు వచ్చి చూశారు. స్వెట్టర్లు తొడిగి కూర్చోబెట్టిన రోజే చూశారు. ఆ హోమ్ ఇంకా నడుస్తోంది.

ఇంట్లో అసలు కష్టం మొదలైంది. అమ్మ నోరు తెరవలేదు. అన్నం, పాలు, జావ, ఏది తెచ్చినా పళ్ళు బిగించేది. నేనే చోడి అంబలి కాచి తెస్తే వాసన చూసి తల తిప్పేసింది. బలవంతాన పోస్తే ఉమ్మేసింది. డాక్టరు వచ్చి సెలైన్ పెట్టి, ఇలాగైతే ఎక్కువ రోజులు ఉండరమ్మా అని చెప్పి వెళ్ళాడు. అమ్మ కళ్ళు ఎంతసేపూ పెరటి తలుపు మీదే ఉండేవి.

ఇంక రోషం కట్టిపెట్టి అమ్మ నేస్తాన్నే పిలుచుకొద్దామని బయల్దేరాను. ఊరు పేరు తెలుసు. రోడ్డున్నంత దూరం ఆటోలో వెళ్ళి, అక్కణ్ణించి కాఫీ తోటల మధ్య కొండ ఎక్కాను. ఆ ఊళ్ళవాళ్ళు మా అమ్మని కొట్టమ్మ అంటారు. కొట్టమ్మ నేస్తం ఇల్లేదని అడిగితే చూపించారు.

ఆవిడ కూతురు సుక్రి గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. నా కన్నా చిన్నది, నన్ను అప్పా అంటుంది, అక్కా అన్నట్టు. నన్ను పోల్చుకుంది గానీ లేవలేదు. మీ అమ్మ ఏదీ అన్నాను.

"అమ్మేటప్పా, వానల్లోనే సచ్చిపోనాది కదా."

నేను మనసులో నెలలు లెక్కేసుకున్నాను. వానల్లో అంటే అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. హోములో చేర్చింది తర్వాత. ఒక్క కబురైనా పెట్టలేదేమని అడిగాను.

"కబురెందుకప్పా? మీయమ్మ ఇక్కడే ఉన్నాది కదా అనుకున్నాం. రోజూ ఒచ్చీది కదా."

నేను బిత్తరపోయి చూస్తుంటే చేట పక్కన పెట్టింది. అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ జ్వరంతో మంచం పట్టిందట. సుక్రి పొలానికి పోతూ కూడు వండి దగ్గర పెట్టి వెళ్తే అది అలాగే ఉండేదట. నేస్తం వచ్చి పాలు పట్టిందని చెప్పేదట. దగ్గరికి వెళ్తే నోటి దగ్గర యాలకుల వాసన వచ్చేదట. ఆ ఇంట్లో యాలక్కాయ అన్నదే లేదు.

"నాను కళ్ళారా సూళ్ళేదు. పొలం నించి నానొచ్చేసరికి ఎల్లిపోయీది. ఆకరి రోజున దౌడలు బిగుసుకుపోనాయి. నాను పోస్తే సుక్క దిగలేదు. బిందె తేడానికి ఊటకెల్లొచ్చేసరికి మంచం కాడ అడ్డాకు డొప్ప ఉన్నాది, తడిగా. అమ్మ నోరు తడిగా ఉన్నాది. పోనాది." సుక్రి కొంగుతో మొహం తుడుచుకుంది. "కన్నకూతుర్ని నానుండగా మీయమ్మ సేతి నీళ్ళే కావలసొచ్చినాయి. నీ మీద కోపం నేదప్పా. మీయమ్మ మీదున్నాది."

ఆ కోపం నాకు కొత్త కాదు. ఆమె మొహంలో నా మొహమే కనబడింది. అమ్మ అప్పుడు ఆసుపత్రిలో మంచానికి అతుక్కుని ఉందని చెప్పాను. హోములో జరిగింది కూడా చెప్పాను. సుక్రి నమ్మిందో లేదో తెలియదు. వచ్చేటప్పుడు నా చేతిలో గుప్పెడు కందులు పెట్టింది.

ఇంటికి వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఎదురుచూడ్డం మానేసి తింటుందన్న ఆశతో, ఆవిడ పోయిందని ఒక్క ముక్కలో చెప్పేశాను. నా గొంతులో కాస్త కసి కూడా ఉండే ఉంటుంది. ఎలా పోయిందో, ఎప్పుడు పోయిందో చెప్పలేదు.

అమ్మ నన్ను తేటగా చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత తేటగా చూడ్డం అదే మొదలు.

"నాకు తెలీదేటే పాపా. దౌడలు బిగుసుకుపోతే డొప్పతో నీళ్ళు పోసింది నేను కాదేటి," అంది. పెరటి తలుపు వైపు ఒకసారి చూసి, "ఈ గుమ్మంలోకి అది రాదులే. నీకిష్టం లేదని దానికి తెలుసు. నువ్వే పెట్టు," అని నోరు తెరిచింది.

అప్పట్నుంచి నా చేత్తోనే తింటోంది. ఒళ్ళు కాస్త తేరుకుంది. పక్క కొప్పు మళ్ళీ కనబడలేదు. ఆసుపత్రిలో అడిగి చూశాను, అమ్మ మంచం దిగిన రోజే లేదన్నారు. హోము గోడ చుట్టూ తిరిగి చూశాను, మనిషి దూరే సందు ఎక్కడా లేదు. డాక్టర్ని అడిగితే తిండి లేకుండా అన్నాళ్ళు బతకడం కుదరదన్నాడు. ఇవన్నీ ఎలా జరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలియకపోవడం కన్నా ఇంకోటి నన్ను తినేస్తోంది. విరిగిన తుంటితో విశాఖపట్నం నుంచి ఆ కొండ మీదికి రోజూ వెళ్ళగలిగింది మా అమ్మ. హోము నుంచి మా ఇంటికి చదును రోడ్డు, ఎత్తు లేదు, దిగువ లేదు. ఆ గదిలో పడి ఉన్నన్నాళ్ళలో నా దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు.