బావ మెచ్చిన జర్మనీ డిస్కు

పోయిన నెల బంధువుల పెళ్లిలో మా విరుదునగర్ బావ కనిపించాడు. మేనమామ కొడుకు. తల నెరిసింది గానీ గొంతు తగ్గలేదు. కుర్రాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, "ఫోన్లో ఇనేది పాటా? క్యాసెట్టులో ఉండాది తరం" అంటున్నాడు. తమిళనాట మావైపు తెలుగులో తరమంటే నాణ్యత. నేను పాయసం గ్లాసు పక్కన పెట్టి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. చూపులు కలవగానే మాట మార్చేశాడు. ఎందుకు మార్చాడో ఆ పందిట్లో నాకొక్కదానికే తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయనకు విరుదునగర్ బస్టాండు దగ్గర పాటల అంగడి ఉండేది. ఆదివారాలు కాలేజీ కుర్రాళ్లు అక్కడ చేరి, కొత్త టెక్నో పాటలు సీడీలో కొనాలా, బోలెడు పాటలు ఒకే డిస్కులో పట్టే ఎంపీత్రీలో కొనాలా అని వాదించుకునేవాళ్లు. తీర్పు మాత్రం బావదే. ఆయన లెక్కలో ఎంపీత్రీ అంటే పిండేసిన చెరుకు పిప్పి, క్యాసెట్ అంటే ఉత్త బుస, ఫారిన్ సీడీ ఒక్కటే సంగీతం.

మా తమ్ముడు కోవిల్‌పట్టిలో ఒక బ్రౌజింగ్ సెంటర్లో పనిచేస్తూ, అక్కడి కంప్యూటర్లోనే సొంతంగా టెక్నో పాటలు కట్టేవాడు. అమ్మ పనిచేసే అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చే యంత్రం మోతను రికార్డు చేసి దాన్నే తాళంగా వాడుకున్నాడు. పాటలన్నీ క్యాసెట్‌కి ఎక్కించి, కొత్త చొక్కా తొడుక్కుని, నన్ను తోడు తీసుకుని బావ దగ్గరికి వెళ్లాడు. బావ మొదటి పాట కాస్త విని ఆపేశాడు. "ఇది పాటా, తీప్పెట్టి మిషను సత్తమా? దీనికొక క్యాసెట్టు దండగ" అన్నాడు. అగ్గిపెట్టెల యంత్రం చప్పుడని ఎగతాళి. కుర్రాళ్లు పగలబడి నవ్వారు. తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా తమ్ముడు కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. ఆ తర్వాత పాటలు కట్టడమే మానేశాడు.

నేను ఊరుకోలేదు. అప్పుడు నాకు అగ్గిపెట్టెల లేబుళ్లు అచ్చేసే ప్రెస్సులో పని. బావ వినకుండా వదిలేసిన మిగతా పాటలను సీడీలోకి ఎక్కించి, నాకే అర్థంకాని అక్షరాలతో దానికో అట్ట అచ్చేయించి, "మా ఓనరు జర్మనీ నుంచి తెచ్చినారు బావా" అని చేతికిచ్చాను. బావ కళ్లు మూసుకుని విన్నాడు. "ఇనండిరా, కింది మోత ఎట్లుండాదో. మనోళ్లకు వస్తదా ఇది?" అన్నాడు. అంగడి బయటి స్పీకర్లలో నెలల తరబడి అదే మోగించాడు.

ఒక ఆదివారం తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్లాను. వీధి మొదట్లోనే తన పాట వినబడి వాడు ఆగిపోయాడు. అంగడి ముందు కుర్రాళ్లు తలలూపుతున్నారు. నా సంచిలో తన క్యాసెట్ చూసేసరికి వాడికి అంతా అర్థమైంది.

"వద్దక్కా, సెప్పొద్దు. సెప్తే పాట నిలిపేస్తాడు" అన్నాడు.

చెప్పాను. క్యాసెట్ పెట్టించి మరీ చెప్పాను. రెండింట్లోనూ ఒకే పాట మోగింది. ఈసారి కుర్రాళ్లు బావను చూసి నవ్వారు. "ఇప్పుడు సెప్పు బావా, ఈ తరం డిస్కుదా, మా తమ్మునిదా?" అని అడిగాను. బావ డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. తమ్ముడు భయపడినట్టే పాట ఆగిపోయింది. మళ్లీ ఏ వీధిలోనూ మోగలేదు.

తమ్ముడు ఆ రోజు నన్నేమీ అనలేదు. ఇప్పటికీ అనడు. ఏళ్లు గడిస్తే పగ చల్లారుతుందని అందరూ అంటారు. ఇన్నేళ్లు గడిచాయి గానీ, ఆ మధ్యాహ్నం బావ మొహం ఎలా వాడిపోయిందో తలచుకుంటే నాకు ఈ రోజుకీ అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది.